మౌంట్ రోడ్డు మీద ఇద్దరు సైనికాధికారులు: నీల్ విగ్రహం పోయింది, మన్రో విగ్రహం ఎందుకు ఉంది?

చెన్నైలో కోట వైపు నుంచి మౌంట్ రోడ్డుకి వచ్చే దారిలో, ఐలాండ్ గ్రౌండ్స్ పక్కన, రోడ్డు మధ్యలో ఎత్తైన దిమ్మె మీద గుర్రమెక్కిన ఒక దొర కంచు విగ్రహం ఉంటుంది. అది సర్ థామస్ మన్రోది. 1839లో నిలబెట్టారు. చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళకీ, కడప నుంచో కర్నూలు నుంచో పనిమీద వచ్చిపోయే వాళ్ళకీ ఈ విగ్రహం గురించి తెలిసిన సంగతి సాధారణంగా ఒక్కటే, గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు అని. శిల్పి మర్చిపోయాడనీ, తప్పు తెలిసి ప్రాణం తీసుకున్నాడనీ ఒక కథ తరాలుగా నడుస్తోంది.

ఆ కథ నిజం కాదు. విగ్రహం చేసిన ఫ్రాన్సిస్ చాంట్రీ అప్పటి ఇంగ్లండులో పేరు మోసిన శిల్పి, విగ్రహం నిలబెట్టిన రెండేళ్ళకి 1841లో మామూలుగానే చనిపోయాడు. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఉన్న నాలుగో జార్జి రాజు విగ్రహం కూడా ఆయన చేసిందే, దానికీ జీను లేదు, రికాబులు లేవు. రాయల్ ఎక్స్ఛేంజి ముందున్న వెల్లింగ్టన్ విగ్రహం కూడా అంతే. పాత రోమన్ విగ్రహాల్లో రికాబులు ఉండవు, ఆ పద్ధతి ఆయనకి నచ్చింది, కావాలనే అలా చేశాడు. ఇది రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం. కానీ రికాబుల కథ ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, ఆ గుర్రం మీద కూర్చున్న మనిషి ఎవరు, మన రాయలసీమ జిల్లాలకి ఆయనేం చేశాడు, మంచి ఎంత చెడు ఎంత అనే ప్రశ్న అడిగేవాళ్ళే లేకుండా పోయారు. తెలుగువాళ్ళు అసలు అడగాల్సింది ఆ ప్రశ్న. ఎందుకంటే చెన్నైలో మిగిలిన విగ్రహాల్లో మన జిల్లాల చరిత్రతో ఇంతగా ముడిపడిన విగ్రహం ఇంకోటి కనపడదు.

మన్రో విగ్రహం ఇంకా ఎందుకు ఉందో అర్థం కావాలంటే ముందు అదే మౌంట్ రోడ్డు మీద నుంచి వెళ్ళిపోయిన విగ్రహం సంగతి చూడాలి. స్పెన్సర్ దగ్గర కర్నల్ జేమ్స్ నీల్ విగ్రహం ఉండేది. నీల్ మద్రాస్ ఫ్యూజిలియర్స్ అనే దళానికి అధిపతి. 1857లో తిరుగుబాటు మొదలయ్యాక ఆ దళంతో ఉత్తరాదికి వెళ్ళాడు. కాశీలో, అలహాబాదులో అతని సైన్యం చేసింది యుద్ధం అనడానికి వీల్లేదు. విచారణ అనేది లేకుండా దొరికినవాళ్ళని దొరికినట్టు చెట్లకి ఉరితీశారు, ఊళ్ళు తగలబెట్టారు. కాన్పూరులో ఇంగ్లీషు ఆడవాళ్ళనీ పిల్లల్నీ చంపిన మాట నిజమే, ఆ ఘోరాన్ని ఎవరూ సమర్థించలేరు. దానికి బదులుగా నీల్ చేసిందేమిటంటే, పట్టుబడ్డవాళ్ళని ఉరితీసే ముందు ఆ హత్యలు జరిగిన ఇంట్లో గడ్డకట్టిన రక్తాన్ని వాళ్ళ నాలుకలతో నాకించాడు. అదే ఏడాది సెప్టెంబరు 25న లక్నోలో తుపాకి గుండు తగిలి చనిపోయాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే మద్రాసులో విగ్రహం లేచింది. బెంగాలు తిరుగుబాటు వరదకి మొదట అడ్డుకట్ట వేసినవాడు అని దాని మీద రాశారు.

మద్రాసు ప్రజలకి ఈ మనిషితో ఏ సంబంధమూ లేదు. ఇక్కడ చెరువు తవ్వించలేదు, శిస్తు తగ్గించలేదు, కోర్టు పెట్టలేదు. అతని దళం పేరులో మద్రాసు ఉంది, అంతే. కాబట్టి ఆ విగ్రహం చెప్పే విషయం ఒక్కటే మిగిలింది: తిరగబడితే ఏం చేస్తామో గుర్తుపెట్టుకోండి అని.

1927లో ఆ విగ్రహాన్ని తీసెయ్యాలని సత్యాగ్రహం మొదలైంది. తిరునెల్వేలి నుంచి సోమయాజులు నాయకత్వంలో వాలంటీర్లు వచ్చారు. మహమ్మద్ సాలియా, సుబ్బరాయులు నాయుడు అనే ఇద్దరు గొడ్డలీ సుత్తీ పట్టుకుని విగ్రహం మీద దెబ్బ వేసి అరెస్టయ్యారు. తర్వాత జట్లు జట్లుగా వస్తూనే ఉన్నారు. కడలూరు నుంచి అంజలై అమ్మాళ్ తన చిన్న కూతురితో సహా వచ్చి జైలుకి వెళ్ళింది. అప్పటికి కుర్రవాడైన కామరాజు కూడా ఈ ఉద్యమంలో ఉన్నాడు. ఆ సెప్టెంబరులో మద్రాసు వచ్చిన గాంధీ వీళ్ళని కలిసి, అహింస తప్పకుండా సాగించమన్నాడు. విగ్రహం మాత్రం వెంటనే కదల్లేదు. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక దాన్ని మౌంట్ రోడ్డు నుంచి తీసి ఎగ్మూరు మ్యూజియంకి పంపారు. అంటే పదేళ్ళు పట్టింది. ప్రభుత్వం మన చేతికి కొంతైనా వచ్చాకే అది సాధ్యమైంది.

ఇక్కడే అసలు ప్రశ్న. 1927లో సుత్తులు పట్టుకుని మౌంట్ రోడ్డుకి వచ్చినవాళ్ళకి అదే రోడ్డు మొదట్లో ఉన్న మన్రో కనపడలేదా? కనపడ్డాడు. ఆయనా కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, సైనికాధికారే. హైదరాలీ మీద, టిప్పు మీద, మరాఠాల మీద యుద్ధం చేసినవాడే, మేజర్ జనరల్ దాకా ఎదిగినవాడే. అయినా ఆయన్ని ఎవరూ ముట్టుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అలాగే ఉండిపోయాడు. దీనికి 'మంచి దొర కాబట్టి' అని సమాధానం చెప్పేస్తుంటారు. ఆ సమాధానం సగమే సరి.

మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. 1780లో పద్దెనిమిదేళ్ళ వయసులో కాల్బలంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు. పన్నెండేళ్ళు యుద్ధాల్లోనే గడిచాయి. 1792లో టిప్పు నుంచి బారామహల్, అంటే ఇప్పటి సేలం, కృష్ణగిరి వైపు ప్రాంతం కుంపిణీ చేతికొచ్చినప్పుడు గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. మద్రాసులో ఉన్న సివిల్ ఉద్యోగులకి దేశభాషలు రావు, చేతులు శుభ్రంగా లేవు, అందుకని శిస్తు వసూలు పని సైనికాధికారులకి అప్పగించాడు. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద మన్రో. గుడారాల్లో ఉంటూ ఊరూరా తిరిగి పొలాలు కొలిపించి, రైతుతో నేరుగా మాట్లాడి శిస్తు కట్టే పద్ధతి అక్కడ మొదలైంది. తర్వాత కెనరా, అంటే ఇప్పటి కర్ణాటక తీరప్రాంతం. ఆ తర్వాత 1800లో నిజాం తన దగ్గర పెట్టుకున్న కుంపిణీ సైన్యం ఖర్చు కింద బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలూ కర్నూలు వైపు కొన్ని తాలూకాలూ ఇంగ్లీషువాళ్ళకి రాసిచ్చినప్పుడు, ఆ దత్తమండలాలకి ప్రిన్సిపల్ కలెక్టరుగా మన్రో వచ్చాడు. కింద నలుగురు సబ్ కలెక్టర్లు. 1807 దాకా ఏడేళ్ళు ఉన్నాడు.

ఆ ఏడేళ్ళలో జరిగింది ఈ రోజుకీ మన జీవితాల్లో ఉంది. బెంగాల్లోలాగా జమీందారుని మధ్యలో నిలబెట్టి అతనితో శాశ్వతంగా లెక్క తేల్చుకోవాలని పైవాళ్ళు కొందరు పట్టుబట్టారు. మన్రో ఒప్పుకోలేదు. ప్రతి పొలాన్నీ సర్వే చేయించాడు, మెట్ట ఎంత, తరి ఎంత, బావి కింద ఎంత అని లెక్క రాయించాడు, నేల తరగతి కట్టించాడు. సర్కారుకీ రైతుకీ మధ్య ఇంకెవరూ లేకుండా రైతు పేరు మీదే పట్టా, ఏటేటా జమాబందీ అంటే శిస్తు లెక్క తేల్చడం. దీన్నే రైత్వారీ అన్నారు. పట్టా, జమాబందీ అనే మాటలూ కరణం లెక్కలూ ఆయన కంటే ముందునుంచీ ఉన్నవే. కానీ మామూలు రైతు పేరు సర్కారు పుస్తకంలో నేరుగా ఎక్కడం, ఆ పుస్తకం చుట్టూ కలెక్టరు, తహసీల్దారు, కరణం అనే మొత్తం యంత్రాంగం తిరగడం ఇక్కడ పాతుకుపోయింది ఈ పద్ధతితోనే. ఇవాళ చెన్నై శివారులో ప్లాటు కొనే తెలుగు కుటుంబం 'పట్టా, చిట్టా చూపించండి' అని అడిగినా, అనంతపురంలో రైతు అడంగల్ కోసం ఆఫీసుకి వెళ్ళినా, ఆ కాగితాల వెనక ఉన్నది మన్రో నిలబెట్టిన ఏర్పాటే. స్వతంత్ర ప్రభుత్వాలు ఆ కుర్చీలని తీసెయ్యలేదు, వాటిలోనే కూర్చున్నాయి. నీల్‌ని తీసేస్తే ఎవరి పనీ ఆగదు. మన్రోని తప్పు పట్టాలంటే రెవెన్యూ శాఖ పునాదినే ప్రశ్నించాలి, అందుకు ఏ ప్రభుత్వమూ సిద్ధంగా లేదు. విగ్రహం నిలవడానికి ఇది పెద్ద కారణం, దీన్ని ఎవరూ పైకి చెప్పరు.

రెండో కారణం జనం జ్ఞాపకం. సీమలో మన్రో గురించి చెప్పుకునే కథలు వినకుండా పెరిగినవాళ్ళు తక్కువ. మంత్రాలయం మఠం భూముల సంగతి తేల్చడానికి వెళ్తే రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి ఆయనతో మాట్లాడాడనీ, పక్కనున్నవాళ్ళకి ఆ మాటలు వినపడలేదనీ భక్తులు చెప్తారు. కడప జిల్లాలో వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండల్ని చీల్చుకుని వచ్చే గండిలో ఆయనకి బంగారు తోరణం కనపడిందనీ, అది కనపడ్డవాళ్ళు ఎక్కువ రోజులు బతకరనీ ఇంకో కథ. తిరుమలలో స్వామి నైవేద్యానికి మన్రో గంగాళం అనే పేరే ఉంది. పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కుటుంబాలు ఉండేవి, కొన్ని చోట్ల ఆయన్ని మాండవ్య ఋషి అన్నారు. ఇవన్నీ జరిగాయా లేదా అనే వాదన ఇక్కడ అనవసరం. పరాయి సైనికాధికారిని తమ దేవుళ్ళ కథల్లోకి జనమే తీసుకొచ్చారు, ఆజ్ఞ వేసి చేయించగలిగేది కాదిది. పాలెగాళ్ళ కొట్లాటలతో, మారే ప్రభువులతో, దోపిడీలతో చాలా కాలం నలిగిపోయిన పల్లెకి, తన భాష వచ్చిన అధికారి గుడారం వేసుకుని కూర్చుని ఫిర్యాదు వినడం అనేది ఎంత పెద్ద విషయమో ఆ కథలు చెప్తాయి.

కానీ ఆ కథల్లో చోటు దొరకనివాళ్ళు ఉన్నారు.

మన్రో వచ్చిన మరుసటి ఏడే, 1801లో, శిస్తు దగ్గర కర్నూలు వైపు తెర్నేకల్లు అనే ఊళ్ళో గొడవ ముదిరింది. ఊరు సర్కారుకి ఎదురు తిరిగింది, కుంపిణీ సైన్యం కోట మీద పడింది, ఊరిని ముందుండి నడిపిన ముత్తుకూరు గౌడప్పని ఉరితీశారు. ఆ ఊరివైపు వాళ్ళకి ఈ పేరు తెలుసు, చెన్నైలో ఎవరికీ తెలీదు. ఇక పాలెగాళ్ళు. దత్తమండలాల్లో ఎనభై మంది దాకా ఉండేవాళ్ళు. వాళ్ళలో ప్రజల్ని పీడించినవాళ్ళు ఉన్నారు, కరువులో ఆదుకున్నవాళ్ళూ ఉన్నారు, అందరినీ ఒకే గాటన కట్టలేం. మన్రో ఒక పక్కన సైన్యాన్ని పెట్టుకుని వాళ్ళ బలగాల్ని విడగొట్టించాడు, కట్టలేనంత శిస్తు వేసి కొందరిని తప్పించాడు, కొందరికి పింఛన్లు ఇచ్చి పక్కన కూర్చోబెట్టాడు. ఆయన పాలెగాళ్ళతో వ్యవహరించిన తీరు మీద లండన్‌లో ఉన్న కుంపిణీ డైరెక్టర్లే తప్పు పట్టారు. ఆ పింఛన్లు తరం మారినప్పుడల్లా తగ్గుతూ, రద్దవుతూ వచ్చాయి. ఆ కడుపుమంట నుంచే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచాడు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కాడు. అప్పటికి మన్రో పోయి ఇరవై ఏళ్ళయింది, ఆ ఉరికి ఆయన బాధ్యుడని అనడం న్యాయం కాదు. కానీ పాలెగాళ్ళ అధికారం విరిచి వాళ్ళని పింఛనుదార్లుగా మార్చిన ఏర్పాటు ఆయనదే.

శిస్తు సంగతి కూడా పూర్తిగా చెప్పాలి. ఆయన ఉన్న ఏడేళ్ళలో దత్తమండలాల నుంచి సర్కారుకి వచ్చే ఆదాయం దాదాపు ఒకటిన్నర రెట్లయింది. వానలు సరిగా పడని నేలలో ఆ పెరిగినదంతా ఎవరి కంచంలోంచి వచ్చింది? మన్రోకి ఇది తెలుసు. 1807లో సెలవు మీద వెళ్తూ శిస్తు నాలుగో వంతు తగ్గించాలని, బావుల కింద, చెరువుల కింద ఇంకొంత తగ్గించాలని పైకి రాశాడు. పైవాళ్ళు వినలేదు. వినకపోగా ఆయన పద్ధతినే పక్కన పెట్టి ఊళ్ళకి ఊళ్ళు కౌలుకిచ్చారు, కౌలుదార్లు దివాళా తీశారు, పల్లెలు చితికిపోయాయి. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాకే రైత్వారీ మళ్ళీ వచ్చింది, శిస్తు తగ్గింపు కూడా అప్పుడే వచ్చింది. ఆ తర్వాత వచ్చిన అధికారుల చేతుల్లో అదే పద్ధతి రైతుని సర్కారుకి బాకీదారుగా నిలబెట్టే పరికరమైంది. జమీందారు పోయాడు కానీ ఆ చోటుకి సర్కారే వచ్చి కూర్చుంది.

గవర్నరుగా ఆయన రాసిన నోట్లు చదివితే కూడా ఇలాగే రెండు వైపులా లాగుతాయి. 1822లో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో ఎన్ని బడులున్నాయో లెక్క తీయించాడు, పన్నెండువేల నాలుగువందల తొంభై ఎనిమిది బడులు, లక్షా ఎనభై ఎనిమిది వేల మంది పైగా పిల్లలు అని తేలింది. మన పల్లెల్లో అప్పటికే చదువు ఎంతుందో చెప్పడానికి ఈ రోజుకీ అందరూ చూపించే లెక్క అదే. 1813లో పార్లమెంటు కమిటీ ముందు, నాగరికత అనేది సరుకై రెండు దేశాల మధ్య వర్తకం జరిగితే ఇండియా నుంచి దిగుమతి చేసుకుని లాభపడేది ఇంగ్లండే అని చెప్పాడు. పెద్ద ఉద్యోగాలు భారతీయులకి ఇవ్వాలని, ఇవ్వకపోతే ఒక జాతి మొత్తాన్ని దిగజార్చినట్టేనని 1824లో రాశాడు. అదే మనిషి 1822లో, పత్రికలకి స్వేచ్ఛ ఇస్తే పరాయి పాలన నిలవదు కాబట్టి ఇవ్వకూడదని అంతే స్పష్టంగా రాశాడు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. కుంపిణీ రాజ్యం ఎక్కువ కాలం నిలవాలి, అందుకు రైతు బతకాలి, స్థానికుడికి మర్యాద దక్కాలి, కానీ ప్రశ్నించకూడదు. మంచి పాలన అంటే ఆయన దృష్టిలో అది.

1827లో పదవి దిగి స్వదేశం వెళ్ళే ముందు దత్తమండలాల్ని చివరిసారి చూడాలని బయల్దేరాడు. ఎండలు, గుడారాల్లో కలరా. గుత్తి దాటి పత్తికొండ చేరేసరికి ఆయనకీ సోకింది, జులై 6న అక్కడే పోయాడు. గుత్తిలో పాతిపెట్టారు, 1831లో ఆ అవశేషాల్ని మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తెచ్చారు. ఆయన జ్ఞాపకంగా పత్తికొండలో తోట వేసి రాతి బావి కట్టించారు, గుత్తిలో సత్రం కట్టించారు. మద్రాసులో చందాలు వేసి, లండన్‌లో పోతపోయించి, ఓడలో తెప్పించి గుర్రం మీద కూర్చోబెట్టారు. ఒకే చావుకి ఇన్ని రకాల గుర్తులు. సీమకి పనికొచ్చేది నీళ్ళు, దారినపోయేవాడికి నీడ. రాజధానికి పనికొచ్చేది యూనిఫారం వేసుకున్న జనరల్. మన్రో పనిలో ఎక్కువ భాగం గుడారంలో బల్ల ముందు కూర్చుని కరణం లెక్కలు చూడటం, కానీ కంచులో మిగిలింది సైనికుడు. చెన్నై విగ్రహం ఆయన గురించి అతి తక్కువ చెప్పే గుర్తు అనడానికి కారణం ఇదే, రికాబులు ఉన్నాయా లేవా అనే చర్చ ఆ తక్కువని కూడా మింగేసింది.

విగ్రహాల్ని ఏం చెయ్యాలనే వాదన ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ లేస్తుంది. బెంగళూరులో 1791 ముట్టడిలో చనిపోయిన కుంపిణీ అధికారుల పేర్లున్న స్మారక స్తంభాన్ని 1964లో పడగొట్టారు, ఇప్పుడక్కడ అలాంటిది ఉండేదని కూడా చాలామందికి తెలీదు. చెన్నై కోట మ్యూజియంలో కార్న్‌వాలిస్ విగ్రహం ఉంది, దాని దిమ్మె మీద టిప్పు కొడుకుల్ని బందీలుగా అప్పగించే దృశ్యం చెక్కి ఉంది. మ్యూజియంలో ఉండటం వల్ల అది ఎవరి గర్వమో, ఎవరి అవమానమో చూసేవాడికి తెలుస్తుంది. నీల్‌ని పడగొట్టకుండా మ్యూజియంకి పంపడం ఆ లెక్కన మంచి నిర్ణయం.

మన్రోని తీసెయ్యనక్కర్లేదు. కానీ ఇప్పుడున్న స్థితి కూడా సరైంది కాదు. ట్రాఫిక్ మధ్యలో ఉన్న దిమ్మె దగ్గర ఆగి చదవడం ఎవరివల్లా కాదు, కాబట్టి ఐలాండ్ గ్రౌండ్స్ వైపు ఫుట్‌పాత్ మీద తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో ఒక బోర్డు పెట్టాలి. తమిళంలో బారామహల్ సంగతి, తెలుగులో దత్తమండలాల సంగతి వివరంగా ఉండాలి. అందులో పట్టా గురించి, శిస్తు తగ్గింపు కోసం ఆయన రాసిన నివేదిక గురించి ఎంత రాస్తే, పెరిగిన వసూళ్ళ గురించి, పాలెగాళ్ళ గురించి కూడా అంతే రాయాలి. గౌడప్ప పేరు, తెర్నేకల్లు పేరు, 1801 అనే ఏడాది కచ్చితంగా ఉండాలి. రికాబుల గురించి కావాలంటే చివర్లో ఒక్క లైను రాస్తే చాలు.